దాకా బాబూ, మూడు గేదెలూ

రోజూ తెల్లవారి ఆరుకీ ఆరుంబావుకీ మధ్య జగన్మోహన్ గారు సత్తు క్యాను పట్టుకుని, హౌరాలో గంగ ఒడ్డునున్న గేదెల ఖటాలుకి వచ్చి, అప్పలకొండమ్మ ముందు నిలబడి, ఒకే మాట చెప్పేవారు.

"ముప్పావు లీటరు నుంచి లీటరుంబావు దాకా పొయ్యప్పా."

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు అప్పలకొండమ్మ కొలత గ్లాసు గాలిలోనే ఆపేసింది.

"ఏటి బాబూ, ఒక మాట సెప్పు. ముప్పావా, లీటరుంబావా?"

"రెంటి మధ్యా ఎంతైనా ఫర్వాలేదు."

"మద్దెన అంటే లీటరేనా?"

"లీటరే అని ఎలా చెప్పగలం? లీటరయ్యే అవకాశం ఎక్కువ, అంతే."

ఈ మనిషికి ఇంట్లో ఆడదిక్కుందో లేదో పాపం అనుకుని, ఆవిడ లీటరు పోసింది. ఆయన క్యాను అందుకుని ఎంతో తృప్తిగా వెళ్ళిపోయారు. అలా పదకొండేళ్ళు గడిచాయి. ఆయన మాట మారలేదు, ఆవిడ జాలీ మారలేదు.

దేవుడు కొందరికి నత్తి పెడతాడు, కొందరికి ఎక్కిళ్ళు పెడతాడు. జగన్మోహన్ గారికి 'దాకా' పెట్టాడు. ఏ ప్రశ్నకీ ఒక్క అంకెతో జవాబు చెప్పలేరు. ఒక కొస 'నుంచి' దగ్గర, ఇంకో కొస 'దాకా' దగ్గర కట్టి, మధ్యలో మనల్ని ఉయ్యాల ఊగమంటారు.

గంగ దాటే లాంచీ టిక్కెట్ల కిటికీ దగ్గర, "ఒకటి నుంచి రెండు టిక్కెట్లు ఇయ్యండి దాదా" అనేవారు. వెనకాల తెలిసినవాళ్ళెవరైనా పరిగెత్తుకొస్తారేమోనని. ఆ టిక్కెట్లతను మొదట్లో తిట్టేవాడు. తరవాత తరవాత ఒకటి చేతికిచ్చి, రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని, లాంచీ కూత పెట్టేదాకా కిటికీలోంచి చూసేవాడు.

కోవెల్లో పూజారిగారు అర్చన చేయిస్తూ వయసడిగితే, "యాభై మూడు నుంచి యాభై ఐదు దాకా" అన్నారు. అందులో ఆయన తప్పు లేదు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ ఓడల డాకులో బస్తాలు మోసేవాడు. "డాకులో పెద్ద క్రేను పడిపోయిన ఏడు పుట్టేడురా, నేకపోతే దాని పై ఏడు, నేకపోతే ఆ పై ఏడు" అని అమ్మ చెప్పింది. అమ్మ మాటని దిద్దడానికి తను ఎవరు? పూజారిగారు ముగ్గురు మనుషులకి చేసినట్టు మూడుసార్లు అర్చన చేసి ఊరుకున్నారు.

భార్య ప్రేమకుమారి గారు పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "తక్కువ నుంచి సరిపోయింది దాకా ఉంది" అన్నారట. "ముద్ద ముద్దకీ కొలిచేవేటి?" అందట ఆవిడ. "రెండు ముద్దలే తిన్నాను కదా, ఇంకా చెప్పలేం" అన్నారట ఈయన. ఆవిడ గిన్నె తీసుకుపోయి, ఉప్పు వెయ్యకుండానే తిరిగి తెచ్చి పెట్టింది. బాగుందన్నారు.

వీధిలో తెలుగువాళ్ళు ఆయనకి దాకా బాబు అని పేరు పెట్టేశారు. ఆ పేరు చెవినపడి, మిఠాయి కొట్టు ముసలి బెంగాలీ ఆయన ఈయన్ని ఢాకా నుంచి తరలి వచ్చిన కుటుంబం అనుకున్నాడు. కనపడినప్పుడల్లా కూర్చోబెట్టి, పద్మా నది పులస గురించి కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకునేవాడు. ఈయన అవుననలేదు, కాదనలేదు. పెద్దవాడి సంతోషం మనకెందుకు పాడు చెయ్యడం అని తలూపుతూ కూర్చునేవారు.

ఇంతకీ ఆయన వెర్రివాడు కాడు. గంగకి అవతల పశువుల రోగాల ఆఫీసులో లెక్కలు కట్టడం ఆయన ఉద్యోగం. రోగం తగ్గి లేచిన గొడ్డు గొంతులో ఆ రోగపు పురుగు ఎన్నాళ్ళు దాక్కుంటుంది అన్నదొక్కటే ఆయన లెక్క. పందొమ్మిదేళ్ళుగా అదే లెక్క కడుతున్నారు. "అంత లెక్క ఏటి బాబూ, ఇంకా తేల్లేదా?" అని అప్పలకొండమ్మ అడిగితే, "తేలడానికి ఇంకా నాలుగు నుంచి..." అని మొదలుపెట్టేవారు. ఆవిడ గబుక్కున పాలు పోసేసేది.

ఆ నవ్వులన్నీ ఒక శ్రావణమాసంలో ఆగిపోయాయి.

వానలు తెరిపి లేకుండా పడుతున్నాయి. ఖటాల్లో మొదట ఒక గేదె మేత మానేసింది. మర్నాటికి దాని నోట్లోంచి చొంగ తాళ్ళు తాళ్ళుగా కారింది. మూడో రోజుకి ఆరు గేదెలు కాళ్ళు నేలకి ఆనించలేక, ఒక్కొక్క కాలే ఎత్తి దులుపుకుంటూ నిలబడ్డాయి. అందరికీ తెలిసింది, గాలికుంటు వచ్చిందని. నాలుకల మీద పొక్కులు చిట్లి చర్మం ఊడొచ్చింది. గిట్టల మధ్య పుళ్ళు పడి, వానకి పురుగులు పట్టాయి. ఖటాలంతా పసుపు, వేపాకు, చీము కలిసిన వాసన.

అప్పలకొండమ్మకి మూడు గేదెలు. మొగుడు నరసయ్య మునిసిపాలిటీ మురుగు కాలవల్లో పనిచేసి, ఒకరోజు మురుగు గోతిలోకి దిగి పైకి రాలేదు. ఆయన పోయాక ఇచ్చిన సొమ్ముతో కొన్నవి. పెద్దది నల్లక్క. రెండోది ముత్యాలు. మూడోది ఎముకలు లెక్కపెట్టుకునేట్టు బక్కగా పొడుగ్గా ఉంటుంది, దాని పేరు సరుగుడు. ఆవిడ ముగ్గుర్నీ ఆడపిల్లల్లాగే పిలిచేది. నాలుకలకి తేనె రాసింది, గిట్టలు వేపనీళ్ళతో కడిగింది, పైడితల్లికి మొక్కుకుంది. పెద్దవి మూడూ నిలబడ్డాయి. సరుగుడు దూడ మాత్రం పాలు తాగుతూ తాగుతూ, పొదుగు నోట్లో ఉండగానే కూలబడిపోయింది. పొక్కు లేదు, చొంగ లేదు. ఈ రోగం దూడలకి గుండె మీదికి వస్తుందిట.

ఖటాల్లో ఆ పక్షంలో తొమ్మిది దూడలు పోయాయి. మునిసిపాలిటీ బండి వచ్చింది. తోలేది నరసయ్యతో పనిచేసినవాడే. "వదినా, నువ్వటు తిరిగి నిలబడు" అని, దూడని విసరకుండా చేతులతో ఎత్తి పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. ఎవరి మంచితనం ఎక్కడ బయటపడుతుందో చెప్పలేం.

గేదెలు లేచాయి గానీ పాలు ఎండిపోయాయి. మూడింటి కిందా కలిపి రెండు లీటర్లు దిగడం గగనమైంది. వీధిలో అందరి క్యాన్లూ ఎదురు చూస్తున్నాయి. ఎవరికి తక్కువ పోసినా ఒక మాట అంటున్నారు. ఆ రోజు పొద్దున్న జగన్మోహన్ గారి సత్తు క్యాను కనబడేసరికి ఆవిడ పాలగిన్నె కొంగు చాటుకి జరుపుకుంది. పదకొండేళ్ళ బేరం, ఏ మొహంతో లేదనడం?

ఆయన గిన్నెకేసి కూడా చూడలేదు. "పావు నుంచి అర లీటరు దాకా పొయ్యప్పా" అన్నారు, ఎప్పుడూ చెప్పే మాట అదే అయినట్టు.

ఆవిడ పావు పోసింది. పోస్తూ పోస్తూ ఉంటే ఆవిడకి ఒక సంగతి తట్టింది. ఈ పదకొండేళ్ళలో గేదె తన్నిన రోజులున్నాయి, ఒట్టిపోయిన నెలలున్నాయి. పాలు ఎక్కువై మిగిలిపోయిన పండగలూ ఉన్నాయి. ఏ రోజూ ఈయనకి తను తక్కువ పొయ్యలేదు, ఎక్కువా పొయ్యలేదు. తన గిన్నెలో ఎంతుంటే అంతే ఆయన అడిగినట్టయ్యేది.

ఇంత మంచి మనిషి నోటివెంటే ఆవిడ ఇంటిమీదికి పిడుగు పడింది.

ఖటాలు పెద్ద రామ్‌ధనీ సర్దార్. బీహారు మనిషి, గడ్డివాము అంత మీసం. అతనివే పధ్నాలుగు గేదెలు. ఒక పొద్దున్న అతను జగన్మోహన్ గారిని ఆపి, ఖటాల్లో అందరూ మాట్లాడే కలగాపులగం హిందీలో అడిగాడు.

"లెక్కల బాబూ, మా గొడ్లు లేచాయి. కొత్తవాటిని తెచ్చి కట్టుకోవాలి. ఇక భయం లేదు కదా?"

ఏం లేదు భాయ్, పో, అనేస్తే ఆ కథ అక్కడితో అయిపోయేది. ఈయన గొడుగు మడిచి చంకలో పెట్టుకుని నిజం చెప్పారు.

"లేచినవాటిలో సగానికి పైగా గొంతులో పురుగు దాగి ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా."

"కొత్తవాటికి అంటిస్తాయా?"

"అంటించినట్టు చూసినవాళ్ళు దాదాపు లేరు."

"దాదాపు ఏమిటి బాబూ? ఉన్నారా, లేరా?"

"ఆ అవకాశం సున్నా నుంచి..."

"సున్నా దగ్గర ఆగు బాబూ" అన్నాడు రామ్‌ధనీ. "అక్కడ ఆగితే నేనూ ఆగుతాను."

ఆయన గొడుగు ఇంకో చంకలోకి మార్చుకున్నారు. ఆగలేకపోయారు. "సున్నా నుంచి ఏదో కొంచెం దాకా" అన్నారు.

తాడుకి రెండు కొసలుంటాయి. ఎవడికి అందిన కొస వాడు పట్టుకుపోతాడు. మధ్యాన్నానికి ఖటాలంతా మూడేళ్ళు, మూడేళ్ళు అని మారుమోగింది. ఆరు నెలలన్న మాటని ఒక్కడూ మోసుకెళ్ళలేదు. మూడేళ్ళు విషం మోసే గొడ్డుని ఎవరు కట్టేసుకుంటారు? పది రోజుల్లో కబేళా లారీ నాలుగుసార్లు వచ్చింది. రామ్‌ధనీ తన పధ్నాలుగింటిలో రోగం తగిలిన పదకొండింటినీ తనే ఎక్కించాడు. ఎక్కించి, ఆ పూట అన్నం తినలేదని అతని వంటవాడు చెప్పాడు. ఖటాల్లో రోగం తగ్గి లేచినవి ఇక అప్పలకొండమ్మ మూడే మిగిలాయి.

"మౌసీ, శుక్రవారం లారీ ఆఖరుసారి వస్తుంది" అన్నాడు రామ్‌ధనీ, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

మర్నాడు సత్తు క్యాను వచ్చింది. ఆవిడ లేవలేదు.

"ఏటి బాబూ, ఒక్క సున్నా సెప్పలేకపోయేవా? సున్నాకి బరువుంటాదా? నీ నోరేటైనా అరిగిపోతాదా?"

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. తల ఎత్తకుండానే అన్నారు.

"సున్నా అని చెప్పేసి, రేపు కొత్తగా వచ్చినవాళ్ళ దూడ ఒక్కటి పోతే? సరుగుడు దూడని చూశాను కదప్పా."

ఆవిడ పాలు పొయ్యలేదు. ఆయన ఖాళీ క్యానుతోనే వెళ్ళిపోయారు.

బుధవారం ఆయన ఒంటరిగా రాలేదు. వెంట జ్యోతిరాణి అనే పడుచు డాక్టరమ్మ ఉంది. కరీంనగర్ పిల్ల, ఆఫీసులో కొత్త. చేతిలో బారెడు కమ్మీ, దాని చివర చిన్న గిన్నె. గొడ్డు గొంతులోకి దించి అడుగున ఉన్న జిగురు గీరి తీసే సాధనమట.

జగన్మోహన్ గారు సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీసి మేత తొట్టి మీద పరిచారు. నిండా వరసలు.

"ఇవి రెండొందల పన్నెండు గొడ్లప్పా. పందొమ్మిదేళ్ళ నుంచీ రాస్తున్నాను. దీని గొంతు ఏడో నెలకి శుభ్రపడింది, చూడు, ఇక్కడ చుక్క పెట్టాను. ఇది పన్నెండో నెలకి. మరి ఈ అడ్డగీతలు చూశావా? నూట నలభై ఆరు ఉన్నాయి."

"అవేటి?"

"అవి శుభ్రపడ్డ రోజులు కావు. లారీ ఎక్కిన రోజులు. ఎనిమిదో నెలలో ఎక్కేసింది, తొమ్మిదో నెలకి శుభ్రపడేదో, ముప్ఫయ్యో నెలకి పడేదో ఎవరికి తెలుసు? తెలీదు కాబట్టి నేను మూడేళ్ళ దాకా అనాలి. ఆ 'దాకా' ఉంది చూడు, అది గొడ్డు చెప్పిన మాట కాదు. కత్తి చెప్పిన మాట."

అప్పలకొండమ్మకి చదువు రాదు. కానీ సగంలో దీపాలార్పేసిన హరికథ అంటే ఏమిటో తెలుసు. నూట నలభై ఆరు హరికథలు. రాముడు అడవికి పోయాడు, తిరిగి వచ్చాడో లేదో చెప్పేవాడు లేడు.

"అయితే నా మూడూ బతికి ఉంటే...?"

"మూడు కథలు చివరిదాకా వింటాం. ఆ పై కొస కొంచెం కిందికి దిగుతుంది. ఈసారి ఇంకో ఖటాల్లో రోగం వస్తే అక్కడి పెద్ద మూడేళ్ళు అనడు."

రామ్‌ధనీని పిలిచారు. మూతపడ్డ జనపనార మిల్లు వెనక పాత గోదాముంది, ఖటాలుకి దూరం, గోడ అడ్డం. మూడింటినీ అక్కడ కట్టేస్తాం, మేత ఆఫీసు ఇస్తుంది, నెలనెలా గొంతు చూస్తాం, వాటి నీళ్ళూ మనుషులూ వేరు, అన్నారు. రామ్‌ధనీ మీసం దువ్వుకున్నాడు.

"ఎన్నాళ్ళు?"

"తొమ్మిది నెలల నుంచి..."

జ్యోతిరాణి బూటుకాలుతో ఆయన చెప్పుకాలు తొక్కి, "ఏడాది" అంది. "ఒక్క ఏడాది, సర్దార్‌జీ. గంతే."

రామ్‌ధనీ ఒప్పుకున్నాడు. జగన్మోహన్ గారి మొహంలో బాధ చూసి, తను ఒప్పుకోలేదేమో అనుకుని ఇంకోసారి ఒప్పుకున్నాడు. ఆ బాధ కాలిది కాదు, ఏడాదిది.

అలా గోదాములో కాపురం మొదలైంది. వీధిలో ఎవరూ ఆ పాలు ముట్టుకోలేదు. కాచి తాగితే మనిషికేమీ కాదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. జగన్మోహన్ గారు మాత్రం రోజూ క్యానుతో వచ్చి, "లీటరు నుంచి ఎంత మిగిలితే అంత దాకా" అనేవారు. ప్రేమకుమారి గారు ఆ ఏడాదంతా ఇంట్లో పెరుగుతో పోరాడింది. మజ్జిగ పులుసు, మజ్జిగ చారు, ఊరమిరపకాయలు. "ఆయన ఒంట్లో రక్తం నేదు, చల్ల ఉన్నాది" అని అప్పలకొండమ్మతో మొరపెట్టుకుంది.

నెలకోసారి గొంతు చూసే రోజొక తీర్థంలా ఉండేది. నల్లక్క పెద్దమనిషి, కమ్మీ పెడితే కళ్ళు మూసుకునేది. ముత్యాలు కాసేపు అలిగి లొంగిపోయేది. సరుగుడు మాత్రం కమ్మీ కొరికేసేది, గిన్నె మింగబోయేది, జ్యోతిరాణి చున్నీ నమిలేది.

"ఏందమ్మా గీ బర్రె, నన్ను జూస్తెనే పండ్లు నూరుతది" అనేది డాక్టరమ్మ.

"దానికి బిడ్డ పోయింది కదమ్మా. ముట్టుకోనివ్వదు" అని, అప్పలకొండమ్మ దాని చెవిలో ఏదో చెప్పి, దవడలో చెయ్యి పెట్టి తెరిచేది. ఆవిడ చేతికైతే తెరిచేది.

జగన్మోహన్ గారు తడి నేల మీద గొడుగు మొనతో గీత గీసి చూపేవారు. "లాంచీరేవులో పోటు తీసేసినప్పుడు ఒడ్డు ఎలా కనబడుతుంది? మొదట్లో నిటారుగా దిగుతుంది, చివరికి చదునౌతుంది. గొంతులు శుభ్రపడ్డం కూడా అంతే. ముందు చాలా గొడ్లు గబగబా దిగేస్తాయి. చివర్న ఒకటీ అరా ఉంటాయి, మెల్లిగా వచ్చేవి. ఆ తోక ఎంత పొడుగో అదే నాకు తెలియాల్సింది." ఆ గీత మీద సరుగుడు ప్రతిసారీ పేడ వేసేది. ఆయన పేడ చుట్టూ తిరిగి గీత పొడిగించేవారు.

ఏడో నెలకి నల్లక్క గొంతు శుభ్రం. వరసగా మూడుసార్లు చూసి గాని ఆయన చుక్క పెట్టలేదు. పదో నెలకి ముత్యాలు. సరుగుడు పదకొండో నెలకీ శుభ్రపడలేదు. పన్నెండుకీ లేదు.

ఆ పన్నెండో నెల గొంతు చూసిన నాడు, ఆయన రాకముందే వచ్చిన జ్యోతిరాణి మేత తొట్టి గట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, సారు పంపిన లెక్కల కాయితం పై ఆఫీసు నుంచి మూడోసారి వాపస్ వచ్చింది. వాళ్ళకు ఒక్క నంబరు కావాల్నట. సగటు తొమ్మిది నెలలని రాసిస్తే, ఆలోపు శుభ్రం గాని గొడ్డును లారీ ఎక్కియ్యాలె అని రూలు చేస్తరట. సార్ రాయనన్నడు. రాస్తే పెద్ద కుర్చీ వస్తుండె. తొమ్మిదేండ్ల సంది గదే కుర్చీల కూసున్నడు."

"ఎందుకు రాయడు? అంకెలంటే భయమా?"

"నేనూ గదే అడిగిన. ఏమన్నడో ఎరుకేనా? 'తొమ్మిదని రాస్తే సరుగుడు ఏమవుతుందమ్మా?' అన్నడు."

అప్పలకొండమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. తొమ్మిది రూలయితే, పదో నెల వచ్చిన ముత్యాలుని లారీ ఎక్కించేవారు. పన్నెండుకీ రాని సరుగుడు సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క అంకె వేస్తే మెల్లిగా వచ్చేవాళ్ళందరూ గీతకి బయట నిలబడిపోతారు. దాకా అంటే, ఆఖరున వచ్చేదానికి కూడా లోపల చోటుంది.

"నేను లాంచీ తప్పి రోజూ లేటయితనమ్మా" అంది జ్యోతిరాణి. "సార్ ఒక్కనాడు లేటనలేదు. 'తొమ్మిది నుంచి పదకొండు దాకా రామ్మా' అంటడు. నేను పిచ్చోడు అనుకున్న."

"ఆయన దగ్గర ఇంతవరకూ ఎవరూ ఆలస్యం అవనేదు తల్లీ" అంది అప్పలకొండమ్మ. "ఎవరికీ తక్కువా అవనేదు."

వారం తిరక్కుండా రామ్‌ధనీ వచ్చాడు. భాద్రపదం వెళ్ళిపోతోంది. వీధి మొగలో దుర్గాపూజ పందిరికి వెదుర్లు పాతుతున్నారు. జగన్మోహన్ గారూ డాక్టరమ్మా కూడా అక్కడే ఉన్నారు.

"మౌసీ, ఏడాదయింది. ఒకటి ఇంకా మిగిలిపోయింది కదా."

ఆవిడ సరుగుడు మెడ మీద చెయ్యి వేసింది.

"నాకూ కళ్ళున్నాయి" అన్నాడు రామ్‌ధనీ. "ఏడాదిలో కొత్త గొడ్లకి ఒక్కదానికీ రోగం రాలేదు. నాకు దీన్ని పంపాలని లేదు. కానీ ఖటాల్లో పదిమంది అడుగుతున్నారు, ఎప్పటికీ అని. ఒక్క తేదీ చెప్పించు. ఆ తేదీ వరకూ ఎవడొచ్చినా నేను చూసుకుంటాను. ఒక్కటే తేదీ. రెండు కొసలిస్తే ప్రతివాడూ వాడిక్కావలసింది ఏరుకుంటాడు." తన చేతులకేసి చూసుకుని, "నేనూ అలాగే ఏరుకున్నాను కదా" అన్నాడు. పదకొండు గొడ్లని ఎక్కించిన చేతులు ధోవతికి తుడుచుకున్నాడు.

అందరూ జగన్మోహన్ గారి కేసి చూశారు.

"సరుగుడికి ఇంకా నెల నుంచి..."

రామ్‌ధనీ చెయ్యి ఎత్తాడు. "నేనలా కొట్లో చాయ్ తాగుతూ ఉంటాను. మీరు తేల్చుకుని రండి" అని వెళ్ళిపోయాడు.

ఆయన ఇంకోసారి ప్రయత్నించారు. గొంతులో కమ్మీ దించినట్టు మెడ సాచారు. 'న' అన్నారు, ఆగారు. 'రెం' అన్నారు, ఆగారు.

"నేను చెప్పొచ్చు గని సార్, గది ఆఫీసు మాటయితది" అంది జ్యోతిరాణి. "రేపు కాయితం మీదికెక్కుతది."

సరుగుడు తీరిగ్గా ఆయన గొడుగు గుడ్డ నమలడం మొదలెట్టింది. ఆయన గొడుగు లాక్కోలేదు. అప్పలకొండమ్మ దగ్గరికి వచ్చారు.

"అప్పా, ఒక ఉపకారం చెయ్యాలి. ఇన్నేళ్ళలో నిన్ను నేనేమీ అడగలేదు."

"పాలడిగేవు కదా."

"అది బేరం. ఇది ఉపకారం. ఆ తేదీ నువ్వెళ్ళి చెప్పు. నేను చెబితే శాస్త్రం అయిపోతుంది, అబద్ధపు శాస్త్రం. నువ్వు చెబితే మొక్కవుతుంది. మొక్కుకి ఎవరూ రుజువడగరు."

"ఏ రోజు సెప్పమంటావు?"

"అదే నన్నడగొద్దంటున్నాను" అని, ఆయన గంగ వైపు తిరిగి, రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని నిలబడ్డారు.

అప్పలకొండమ్మ కొంగు సర్దుకుని చాయ్ కొట్టు దగ్గరికి నడిచింది. దారిలో పైడితల్లిని తలుచుకుంది. ఈ అబద్ధం పాపమో పుణ్యమో నువ్వే చూసుకో తల్లీ, అంది.

"కార్తీక పున్నమి, సర్దార్" అంది.

"పున్నమి. ఒక్కటే కదా?"

"ఒక్కటే."

రామ్‌ధనీ చాయ్‌లో బిస్కట్టు ముంచి, అది మెత్తబడేదాకా గ్లాసులోకే చూశాడు. "మంచిది. చెప్పేస్తాను అందరికీ. కానీ మౌసీ, దీపావళి కాగానే ఛఠ్ పండక్కి నేను ఊరెళ్ళిపోతాను కదా. పున్నమికి ఇక్కడ ఉండను. తిరిగొచ్చేసరికి నెల పడుతుందో, నెలన్నర పడుతుందో. నేను లేకుండా ఇక్కడ లారీ ఎవడు పిలుస్తాడు?"

ఆవిడ అతని కేసి చూసింది. అతను బిస్కట్టు కేసే చూస్తున్నాడు. మీసం చివర మాత్రం కొంచెం కదిలింది.

ఆవిడ తిరిగి వచ్చేసరికి జగన్మోహన్ గారు అలాగే చెవులు మూసుకుని ఉన్నారు. గొడుక్కి సగం గుడ్డే మిగిలింది. ఆవిడ భుజం తట్టింది. ఆయన ఒక చెవిలోంచి వేలు సగం తీశారు.

"అయిందా?"

"అయింది బాబూ. ఒక్కటే సెప్పేను. కార్తీ..."

"వద్దప్పా" అన్నారాయన, వేలు మళ్ళీ చెవిలో దూరుస్తూ. "ఎప్పటికో మాత్రం నాకు చెప్పకు. నాకోసం ఆ ఒక్కటీ చెయ్యి."